పిలిస్తే లేచే నిద్ర

ఆస్పత్రి క్వార్టర్లు, మూడో అంతస్తు
మార్చి 9

బాబాయికి,

క్షేమసమాచారాల వాక్యాలు నువ్వు చదవకుండా దాటేస్తావు కాబట్టి నేనూ రాయడం లేదు. గది దొరికింది. ఒక మంచం, ఒక బల్ల, ఒక కిటికీ. కిటికీ తెరిస్తే ఆస్పత్రి లాండ్రీ పొగగొట్టం. ఈ అంతస్తులో తొమ్మిది గదులున్నాయి. అందరివీ వేరువేరు డ్యూటీలు. గుమ్మాల ముందు చెప్పులు చూసి ఎవరు లోపల ఉన్నారో లెక్క కట్టడమే తప్ప, ఈ మూడు వారాల్లో ఒక్క మనిషి మొహం సరిగ్గా చూసింది లేదు.

నేనేం చేస్తున్నానో అడిగావు. మత్తు డాక్టరు పని, ఎముకల విభాగంలో. మోకాలికో తుంటికో ఆపరేషన్ అయ్యేవాళ్ళకి నడుము దగ్గర వెన్నులోకి సూది గుచ్చి, దాంట్లోంచి సన్నటి గొట్టం ఒకటి పంపి అక్కడే ఉంచేస్తాం. దాని పేరు ఎపిడ్యూరల్. ఆ గొట్టంలోంచి మందు పంపితే నడుము కింద అంతా మొద్దుబారుతుంది. మందు చాలకపోతే మళ్ళీ అందులోంచే ఇంకో డోసు. మనిషికి మెలకువ ఉంటుంది. ఛాతీ దగ్గర అడ్డంగా ఆకుపచ్చ గుడ్డ కడతారు. గుడ్డకి అటువైపు సర్జన్లు, ఇటువైపు పేషెంటు తల, తల పక్కన స్టూలు మీద నేను.

పరీక్షకి ముందు ఒక పరిశోధన రాసివ్వాలి. అందులో ప్రధానమైన మందు అందరికీ ఒకటే. దానికి తోడుగా సగంమందికి ఫెంటనిల్ అనే మందు కలుపుతాం, మిగతా సగంమందికి ఇంకోటి. ఆ రెండోదాని పేరు రైలుబండంత ఉంటుంది. మేమంతా డెక్స్ అంటాం, నువ్వూ అలాగే అను. ఏ సిరంజిలో ఏముందో నాకు చెప్పరు. పక్క గదిలో ఒకరు నింపి నంబరు అంటించి పంపుతారు. కాలి వేలు ఎన్ని నిమిషాలకి మొద్దుబారింది, స్పర్శ ఎప్పుడు తిరిగొచ్చింది, నాడి ఎంత, ప్రతి పది నిమిషాలకీ మనిషి ఎంత మగతగా ఉన్నాడు, ఇవి రాసుకోవాలి. మగతకి ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు, మగత పెరిగేకొద్దీ అంకె పెరుగుతుంది.

నిన్న ఒక బస్సు డ్రైవరుకి మోకాలు మార్చారు. రెండు గంటలూ మాట్లాడాడు. "ముప్ఫై ఏళ్ళు నా వెనకాల ఎంతమంది కూర్చున్నారో డాక్టరమ్మా, ఒక్కళ్ళూ నాతో మాట్లాడలా. డ్రైవరుతో మాట్లాడరాదని బోర్డు పెట్టేశారు మరి" అన్నాడు. సాయంత్రం గదికొచ్చాక కూడా ఆ మాటే గుర్తొచ్చింది.

ఒక సంగతి అడగాలి. నీ కిందటి ఉత్తరంలో అక్షరాలు కుడివైపు కిందికి జారాయి. ఎప్పుడూ బల్ల దగ్గర కూర్చుని గీత గీసినట్టు రాసేవాడివి. పడుకుని రాశావా?

నీ
వసపిట్ట

*

ఇంటి నుంచి, ముందు గది
మార్చి 17

వసపిట్టకి,

నీ పొగగొట్టం కబుర్లు అందాయి. రెండుసార్లు చదివాను. పనేమీ లేదు కాబట్టి.

అక్షరాలు జారితే జారాయి. బాయిలర్ల షాపులో ముప్ఫై నాలుగేళ్ళు సుత్తి పట్టిన చెయ్యి. ఇన్నాళ్ళూ నిలబడ్డాయంటే గొప్పే. మంచం పైగదిలోంచి ముందు గదిలోకి దింపించాను. ఇక్కడ వెలుతురు బాగుంది. ఇంకేం కారణం లేదు.

ఫోను చెయ్యకు. కిందటి వారం చేసింది నువ్వేనా? తెరమీద దీపం వెలిగింది కానీ చెవి మిషను కూత తప్ప ఏమీ వినపడలేదు. అవతల ఎవరో అరుస్తున్నారని మాత్రం తెలిసింది. ఉత్తరమే రాయి. నీ వాగుడంతా కాగితం మీద పడితే నాకు ఒక్క ముక్క కూడా పోదు.

మత్తు అంటే నిద్రే కదా? మెలకువగా ఉంచి మత్తు ఇవ్వడమేమిటి?

బాబాయి

*

ఆస్పత్రి క్వార్టర్లు
ఏప్రిల్ 2

బాబాయ్,

నిద్ర కాదని కదా మొత్తుకుంటున్నాను. ప్రధాన మందు నరాల్లో నొప్పిని ఆపుతుంది. తోడు మందు దాని పని పెంచుతుంది, దాంతో ప్రధాన మందు తక్కువైనా సరిపోతుంది. ఫెంటనిల్ కలిపితే నొప్పి బాగా తగ్గుతుంది కానీ కొంతమందికి దురద పుడుతుంది, ముఖ్యంగా ముక్కు మీద. డెక్స్ కలిపితే దురద ఉండదు, మొద్దుబారడం ఎక్కువసేపు నిలుస్తుంది. నాడి కొంచెం నెమ్మదిస్తుంది. కమ్మగా ఒక కునుకు కూడా పడుతుంది. అది మామూలు ఆపరేషన్ మత్తు లాంటిది కాదు, పిలిస్తే లేచే నిద్ర. ఏది మేలన్నదే నేను తేల్చాల్సింది.

నా పేషెంట్లు మాత్రం ఇంతవరకు ఒక్కళ్ళూ నిద్రపోలేదు. బట్టలు కుట్టే ఆవిడ ఒకామె రెండు గంటలు ఏకధాటిగా కోడలి మీద చాడీలు చెప్పి, కుట్లు కూడా అయిపోయాక, "ఇంతకీ ఆపరేషన్ ఎప్పుడు మొదలెడతారమ్మా?" అంది. సర్జన్ చేతిలో కత్తెర జారినంత పనైంది.

మందు పనిచేసిందో లేదో చూడ్డానికి బొటనవేలు గట్టిగా నొక్కి "తెలుస్తోందా?" అని అడుగుతాం. రోజూ ఆ వేలు పట్టుకోగానే నువ్వు గుర్తొస్తావు. నిద్రలో భుజం తడితే సుత్తి విసిరినట్టు చెయ్యి విసిరేవాడివి కదా. అందుకని పిన్ని నాకు మొదటి వారమే నేర్పింది, బాబాయిని లేపాలంటే కాళ్ళవైపు నిలబడి బొటనవేలు నొక్కాలని. అమ్మానాన్నా పోయి మీ ఇంటికొచ్చిన తొమ్మిదేళ్ళ పిల్లకి అదే మొదటి ఉద్యోగం.

ఇక నీ సంగతి. ముందు గదికి కిటికీ ఉత్తరం వైపుంది. అక్కడ వెలుతురు ఎప్పుడూ లేదు. ఎవరికి చెప్తున్నావు బాబాయ్? మెట్లెక్కలేక మంచం దింపించావు. ఏ కాలు?

వసపిట్ట

*

ముందు గది
ఏప్రిల్ 11

వసపిట్టకి,

కుడికాలు. మోకాలు.

రెండేళ్ళ కిందటే ఇక్కడి డాక్టరు ఫొటో తీయించాడు. ఎముక మీద ఎముక రాసుకుంటోందట, మోకాలు మార్చమన్నాడు. ఇప్పుడు వీధి చివర తపాలా పెట్టె దాకా పోవాలంటే కర్ర ఒక చేతిలో, గోడ ఒక చేతిలో. కిందటి వారం పోలేకపోయాను. ఈ ఉత్తరం కూడా పక్కింటావిడ వేసిపెట్టాలి. చెబితే పరీక్ష మానుకుని ఊడిపడతావని చెప్పలేదు.

ఇలాగే ఉంటే ఇంకో ఏడాదికి మంచం దిగనని డాక్టరు అన్నాడు. అంటే అననీ. బల్ల మీద పడుకుని నిద్రపోవడం నావల్ల కాదు. మీ పిన్ని తొడ ఎముక విరిగి నడుచుకుంటూ కాకపోయినా నవ్వుకుంటూ లోపలికి వెళ్ళింది. నిద్రపుచ్చారు. లేవలేదు. నాకూ అదే రాసిపెట్టి ఉంటే ఇంట్లోనే పోతాను.

ఈ విషయం మళ్ళీ ఎత్తకు.

బాబాయి

*

ఆస్పత్రి క్వార్టర్లు
ఏప్రిల్ 29

బాబాయ్,

ఎత్తుతాను. కానీ ముందు నా కొంప మునిగిన సంగతి విను.

ఈ పరిశోధన ఇద్దరం చేస్తున్నాం. నేనూ, నాతో చదివే ఇంకొకతనూ. అతనికి నోట్లో నాలుక ఉందా అని అనుమానం. అందరూ మౌని అంటారు. చెరి ఇరవై నాలుగు మంది పేషెంట్లు పూర్తయ్యారు. మా ప్రొఫెసరమ్మ గారు పిలిచి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టారు. "మందులు ఒకటే. అతని పేషెంట్లలో సగంమంది మూడో అంకె, నాలుగో అంకె మగతలో ఉన్నారు. నీవాళ్ళు ఒక్కళ్ళు కూడా రెండు దాటలేదు. నీవాళ్ళేమన్నా కాఫీ తాగి బల్లెక్కుతున్నారా?" అన్నారు.

సిరంజిలు నింపడంలో తప్పు జరిగిందేమో అని చూశారు. లేదు. మోతాదులు చూశారు. సరిగ్గానే ఉన్నాయి. మర్నాడు ఆవిడ ముందు చెప్పకుండా వచ్చి థియేటర్లో నా వెనకాల నిలబడ్డారు. ఒక మేస్త్రీ గారికి తుంటి ఆపరేషన్. ఆయనకి రెప్పలు వాలినప్పుడల్లా నేను "మరి ఆ ఇంటివాళ్ళు ఒప్పుకున్నారా? తర్వాతేమైంది?" అని అడుగుతున్నాను. ఆయన పాపం మర్యాదకి కళ్ళు తెరిచి మళ్ళీ మొదలుపెడుతున్నాడు. అలా రెండు గంటలు. బయటికొచ్చాక ఆవిడ ఒకటే మాట అన్నారు. "నువ్వు నిద్రపోనిస్తే కదా తల్లీ."

బాబాయ్, నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఇరవై నాలుగు మందికి మందిస్తే, ఆ మందు పని చెయ్యకుండా నేనే అడ్డం కూర్చున్నాను. వాళ్ళకి ధైర్యం చెబుతున్నాననుకున్నాను. అబద్ధం. రోజు మొత్తంలో నాతో మనుషులు మాట్లాడేది అక్కడే. వాళ్ళు నిద్రపోతే గోడ గడియారం, నేను. తర్వాత గదికొస్తే పొగగొట్టం, నేను. అందుకే వాళ్ళని నిద్రపోనివ్వలేదు.

ఆ ఇరవై నాలుగూ కొట్టేసి మళ్ళీ మొదటినుంచి చెయ్యమన్నారు. ఇప్పుడు నియమం, మందు ఎక్కాక అవసరమైన మాట తప్ప మాట్లాడకూడదు. డ్రైవరు బోర్డు నాకూ పెట్టారన్నమాట. స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చుంటున్నాను. పేషెంట్లు హాయిగా నిద్రపోతున్నారు. మందు బాగా పనిచేస్తోంది.

ఇప్పుడు నీ మోకాలు. నిద్ర వద్దంటే వద్దు. నీకు ప్రధాన మందు, ఫెంటనిల్ మాత్రమే ఇప్పిస్తాను. ముక్కు దురద పెడుతుంది, మెలకువ మాత్రం ఉంటుంది. సొంతవాళ్ళకి మేం మత్తు ఇవ్వకూడదని ఇక్కడి పద్ధతి కాబట్టి మౌని ఇస్తాడు. నేను స్టూలు మీద ఉంటాను. నువ్వు పరిశోధనలో లేవు కాబట్టి మనిద్దరం ఎంతైనా మాట్లాడుకోవచ్చు. రా బాబాయ్.

వసపిట్ట

*

ముందు గది
మే 14

వసపిట్టకి,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది చింపను.

నువ్వు అప్పుడు హాస్టల్లో ఉన్నావు, పరీక్షలు. వచ్చేసరికి అంతా అయిపోయింది. నీకు చెప్పింది సగమే.

ఆ రోజు ఆస్పత్రి వరండాలో మత్తు డాక్టరు నన్ను అడిగాడు. "వెన్నులో సూది ఇచ్చి మెలకువగా ఉంచి చెయ్యొచ్చు, లేదా పూర్తిగా నిద్రపుచ్చి చెయ్యొచ్చు, ఏం చెయ్యమంటారు?" అని. అప్పటికి నాకు కొంచెం వినపడేది. మీ పిన్ని స్ట్రెచర్ మీద ఉంది. నా చెయ్యి పట్టుకుని, "నన్ను మెలకువగానే ఉంచమనండి. ఎవరితోనన్నా మాట్లాడుతూ ఉంటే నాకు భయం ఉండదు" అంది. నీకు వాగుడు ఎవరి దగ్గర అబ్బిందనుకున్నావు? నేనే, "దానికి రక్తం చూస్తేనే కళ్ళు తిరుగుతాయి, నిద్రపుచ్చండి" అన్నాను. డాక్టరు నా మాట విన్నాడు. ఆమె నా వంక చూసి సరేలెమ్మంది.

పదకొండేళ్ళయింది. ఎవరికీ చెప్పలేదు. ఆమె అడిగింది ఒక్కటే, మెలకువగా ఉంచమని. నేను నిద్రపుచ్చమన్నాను.

నువ్వు డాక్టరు చదువుతానన్నప్పుడు సంతోషించాను. మత్తు డాక్టరు అవుతానన్నప్పుడు ఆ పూట అన్నం సహించలేదు. దీనికి ఎలాగో తెలిసిపోయింది, నన్ను నిలదియ్యడానికే ఆ చదువు ఎంచుకుందనుకున్నాను. నువ్వు ఏనాడూ అడగలేదు. అడుగుతావని ప్రతి ఉత్తరం భయంగానే విప్పుతాను.

ఇప్పుడు నేనే అడుగుతున్నాను. నీకు తెలిసిన చదువు కాబట్టి. ఆ రోజు మెలకువగా ఉంచమని ఉంటే బతికేదా? ముక్కుసూటిగా చెప్పు. ఓదార్పు మాటలు రాస్తే నాకు తెలిసిపోతుంది.

బాబాయి

*

ఆస్పత్రి క్వార్టర్లు
మే 21

బాబాయ్,

నాకు తెలియదు.

పిన్ని కేసు కాగితాలు నా దగ్గర లేవు. తొడ ఎముక విరిగినవాళ్ళకి కొన్నిసార్లు ఎముకలోని కొవ్వో, కాల్లో గడ్డకట్టిన రక్తమో ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అది నిద్రలోనూ జరుగుతుంది, మెలకువలోనూ జరుగుతుంది. ఒకవేళ అదే అయితే నువ్వు ఏం చెప్పినా ఒకటే. కాకపోతే ఏమో. మెలకువగా ఉంచి చేసినవాళ్ళలో పోయినవాళ్ళనీ చూశాను, నిద్రపుచ్చి చేసినవాళ్ళలో లేచి కూర్చున్నవాళ్ళనీ చూశాను. "నీ తప్పేమీ లేదు" అని రాయాలని చెయ్యి లాగుతోంది. కానీ నాకు తెలియనిది నీకు రాయను. నువ్వు భయపడే మనిషిని భయం లేకుండా చూడమన్నావు. అదొక్కటే నాకు కచ్చితంగా తెలుసు.

నిన్ను నిలదియ్యడానికి ఈ చదువు చదివానా? ఎంత పిచ్చివాడివి! నాకు ఇవాళ్టి దాకా ఈ సంగతే తెలియదు. నేను ఒకటే అనుకునేదాన్ని. పిన్నిని లోపలికి తీసుకెళ్ళాక ఆమె తల దగ్గర ఎవరు కూర్చున్నారు? ఆమెతో ఒక్క మాటైనా మాట్లాడారా? ఆ కుర్చీలో కూర్చునే మనిషిని అవ్వాలనిపించింది. ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చుని నోరు మూసుకున్నాను అనుకో, అది వేరే సంగతి.

జూన్ 10, మొదటి కేసు నీదే. రాయించేశాను. నువ్వు రాకపోతే ఆ బల్ల ఆ పూట ఖాళీగా ఉంటుంది.

వసపిట్ట

*

ముందు గది
మే 30

వస్తున్నాను. పక్కింటావిడ కొడుకు బండిలో దింపుతాడట. లోపల చెవి మిషను తీసేస్తారని విన్నాను. అట్ట, పెన్సిల్ సిద్ధంగా ఉంచు. నిద్రమందు మాత్రం వద్దు. మాట మాటే.

బాబాయి

*

ఆపరేషన్ థియేటర్
జూన్ 10, ఉదయం. ఒకే అట్ట, ఒకే పెన్సిల్, ఇద్దరి రాత

బాబాయి: మొదలుపెట్టారా?

వసపిట్ట: ఇరవై నిమిషాలైంది.

బాబాయి: దెబ్బలు ఒంట్లో అదురుతున్నాయి. నొప్పి లేదు. సుత్తి పట్టింది ఎవరు?

వసపిట్ట: పెద్ద సర్జన్ గారు.

బాబాయి: మణికట్టు వాడటం లేదు, భుజంతో కొడుతున్నాడు. అలసిపోతాడని చెప్పు.

వసపిట్ట: చెప్పాను. నవ్వి, మణికట్టుతో కొడుతున్నారు.

బాబాయి: ముక్కు దురద.

వసపిట్ట: ఫెంటనిల్ అని చెప్పానుగా. నీ చేతికి సెలైన్ ఉంది, కదపకు. నేను గోకుతాను.

బాబాయి: కొంచెం ఎడమకి. ఆఁ. అక్కడ.

వసపిట్ట: భయంగా ఉందా?

బాబాయి: లేదు. మీ పిన్ని చెప్పింది నిజమే. ఎవరితోనన్నా మాట్లాడుతూ ఉంటే ఉండదు.

బాబాయి: కళ్ళెందుకు తుడుచుకుంటున్నావు? మాస్కు తడుస్తుంది.

వసపిట్ట: నీకెందుకు. పడుకో.

బాబాయి: రెండో డోసు ఎప్పుడు?

వసపిట్ట: ఇప్పుడే. మౌని సిరంజి తీస్తున్నాడు.

బాబాయి: ఆగమను. దాంట్లో ఆ డెక్స్ కలపమను.

వసపిట్ట: వద్దన్నావు. మాట మాటే అన్నావు.

బాబాయి: మీ పిన్నిని లోపలికి పంపింది నేను. ఆ నిద్ర ఎలా ఉంటుందో తెలియకుండా పంపాను. ఒకసారి తెలియాలి.

వసపిట్ట: అది వేరు, ఇది వేరు బాబాయ్. ఇది పిలిస్తే లేచే నిద్ర.

బాబాయి: నాకు పిలిస్తే వినపడదు కదా.

వసపిట్ట: ముట్టుకుని లేపుతాను.

బాబాయి: మౌని ఏమన్నాడు?

వసపిట్ట: నీ నాడి చూసి తల ఊపాడు. అంతకన్నా ఎక్కువ ఎవరితోనూ అనడు.

బాబాయి: దుప్పటి కప్పినట్టుంది. ఎవరో మెల్లగా. నువ్వు అక్కడే

*

ఇంటి నుంచి, ముందు గది
జులై 16

వసపిట్టకి,

కర్ర ఒక్కదానితో తపాలా పెట్టె దాకా వెళ్ళాను. గోడ పట్టుకోలేదు. ఈ ఉత్తరం నా చేత్తో నేనే వేస్తున్నాను.

ఆ అట్ట మీది కాగితం నాతో తెచ్చుకున్నాను. "అక్కడే" తర్వాత గీత అంచు దాకా జారింది. ఆ గీత తర్వాత ఏం జరిగిందో నువ్వు చెప్పలేదు. ఆస్పత్రిలో అడిగితే మాట తప్పించావు. రాయి.

బాబాయి

*

ఆస్పత్రి క్వార్టర్లు
జులై 25

బాబాయ్,

రాస్తాను. నవ్వకూడదు.

నువ్వు నలభై నిమిషాలు నిద్రపోయావు. నాడి నెమ్మదించింది, అదీ లెక్కలోనే ఉంది. ఊపిరి బాగుంది. కుట్లు వేశారు. మౌని నీ భుజం మీద చెయ్యి వెయ్యబోయాడు. "వద్దు, చెయ్యి విసురుతాడు, నేను లేపుతాను" అని చెప్పి, గబగబా నీ కాళ్ళవైపు వెళ్ళి, ఎడమ బొటనవేలు నొక్కాను. నువ్వు లేవలేదు. ఇంకా గట్టిగా నొక్కాను. లేవలేదు. గోరు దిగేలా నొక్కాను.

ఎదురుగా తెరమీద నీ గుండె చక్కగా కొట్టుకుంటోంది, ఆ గీతలు చదవడం నా వృత్తి, నాకవేమీ కనపడలేదు. "బాబాయి లేవట్లేదు, బాబాయి లేవట్లేదు" అని అరిచానట. అప్పుడు మౌని, రెండేళ్ళలో నేను విన్న మొదటి పూర్తి వాక్యం, "డాక్టరమ్మా, ఆ కాలు మొద్దుబార్చింది మనమే" అన్నాడు.

థియేటర్ అంతా నవ్వింది. నేను స్టూలు మీద కూలబడ్డాను. అతనే నీ నుదుటి మీద చెయ్యి వేశాడు. నువ్వు వెంటనే కళ్ళు తెరిచి, చెయ్యి విసరకుండా, నా కోసం చూశావు.

ఆ తర్వాత సాయంత్రం ఇంకో గండం. మందు ఐదింటికల్లా వదలాలి. నాలుగు నుంచి అరగంటకోసారి వేలు నొక్కి, నువ్వు కళ్ళు తెరవకపోతే చెంప తట్టి, "తెలిసిందా?" అని అట్ట చూపిస్తే నువ్వు తల అడ్డంగా ఊపావు. ఐదైంది, ఐదున్నరైంది. మరీ ఆలస్యమైతే వెన్నులో రక్తం గడ్డకట్టి నరాలు నొక్కుకుంటున్నాయేమో అని అనుమానించాలి. ఆరింటికి కూడా తెలియకపోతే స్కానింగ్‌కి తీసుకెళ్ళమని ప్రొఫెసరమ్మ గారు చెప్పారు. ట్రాలీ వార్డు గుమ్మం దాకా వచ్చింది. ఆరింటికి నువ్వు వేలు కదిపావు. నేను బయటికెళ్ళి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఇదీ జరిగింది.

నా రెండో విడత పూర్తయింది. డెక్స్ ఇచ్చినవాళ్ళకి మొద్దుబారడం ఎక్కువసేపు నిలిచింది, నిద్రా పట్టింది. ఫెంటనిల్ వాళ్ళు ముక్కులు గోక్కున్నారు. అంకెలన్నీ కుదిరాయి. ప్రొఫెసరమ్మ గారు మెచ్చుకున్నారు. గదికొచ్చి ఆ మాట ఎవరికి చెప్పాలో తెలియక నీకు రాస్తున్నాను.

వసపిట్ట

*

ముందు గది
ఆగస్టు 4

వసపిట్టకి,

నీకు కోపం వస్తుంది. రావాల్సిందే. చదువు.

నాకు స్పర్శ ఐదింటికే వచ్చింది. నువ్వు నొక్కగానే తెలిసింది. నీ వేళ్ళు చల్లగా ఉన్నాయి. తల అడ్డంగా ఊపింది కావాలనే.

మీ పిన్ని పోయాక నన్ను ఎవరూ నిద్రలేపలేదు. అలారం పెట్టినా వినపడదు. పదకొండేళ్ళు నా అంతట నేనే లేచాను. లేచి, ఏ రోజైతే ఏమిటని కాసేపు పైకి చూస్తూ పడుకునేవాణ్ణి. ఆ సాయంత్రం ఎవరో కాళ్ళ దగ్గర నిలబడి బొటనవేలు నొక్కారు. తెలిసిందని చెబితే ఇంక నొక్కవు కదా. అందుకని తెలియలేదన్నాను. ఐదున్నరకి మళ్ళీ వచ్చావు. అదీ తెలియలేదన్నాను. ఆరింటికి నీ చెయ్యి వణుకుతోంది. అది కాలికి తెలిసింది. అప్పుడు కదిపాను. వెన్ను, రక్తం, స్కానింగ్, ఇవేవీ నాకు తెలియవు. తెలిసి ఉంటే అలా చేసేవాణ్ణి కాదు.

ఆస్పత్రి కాగితంలో నా టైము తప్పు పడింది. దిద్దు. ఐదు.

బాబాయి

*

ఆస్పత్రి క్వార్టర్లు
ఆగస్టు 12

బాబాయ్,

కోపం వచ్చింది. ఉత్తరం బల్ల మీద విసిరికొట్టి, గదంతా నాలుగుసార్లు తిరిగాను. ట్రాలీ దాకా తెప్పించావు! ఆ గంటలో నాకు వయసు పదేళ్ళు పెరిగింది. తర్వాత కూర్చుని మళ్ళీ చదివాను. నా ఇరవై నాలుగు మంది గుర్తొచ్చారు. వాళ్ళని నేను నిద్రపోనివ్వలేదు, నువ్వేమో లేచి లేవలేదన్నావు. నిన్ను తిట్టడానికి నాకు మొహం ఎక్కడిది?

నీ చార్టు తీయించి ఆరు కొట్టేసి ఐదు రాసి, సంతకం పెట్టాను. ఎందుకు దిద్దారో రాయాల్సిన చోట "పేషెంటు అప్పుడు చెప్పలేదు" అని రాశాను.

ఇరవైమూడు నుంచి నాలుగు రోజులు సెలవు దొరికింది. ముందు రోజు రాత్రి బస్సుకి బయలుదేరితే తెల్లవారేసరికి ఇంటి దగ్గర ఉంటాను. తలుపుకి గడియ పెట్టకు. నాకోసం లేచి కూర్చోకు. మెలకువ వచ్చినా సరే, కళ్ళు మూసుకుని పడుకో. దుప్పటి కాళ్ళ దగ్గర తీసి ఉంచు.

వసపిట్ట